ఏది ఉంచాలో ఎవరు తేల్చాలి?



మీ ఇంట్లో ఈ రేడియో ఎక్కడుంది? పడసాలలో టీవీ పక్కనా? వంటింటి గూట్లోనా? కొందరు సెల్‌ఫోన్‌లో వింటూ ఉంటారు. వాళ్ళను కాసేపు పక్కన పెడదాం. రేడియో ఉన్నవాళ్ళు ఒక్కసారి దాని వెనక చెయ్యి పెట్టి చూడండి. ఏం తగిలింది? అయిపోయిన బ్యాటరీలు. ఒక తాళంచెవి, అది ఏ తాళానిదో ఎవరికీ తెలీదు. ఎప్పుడో జరిగిపోయిన పెండ్లి తాలూకు పత్రిక. సగం మింగిన మాత్రల పట్టీ. ఒక పక్క కాడ ఊడిన కళ్ళద్దాలు. వీటిని అక్కడ ఎవరు పెట్టారని ఇంట్లో అడిగి చూడండి. నేను కాదంటే నేను కాదంటారు. నిజమే, ఎవరూ తీసుకొచ్చి పెట్టలేదు. అవే వచ్చి చేరినాయి.

ఈ పూట మనం మాట్లాడుకునేది వీటి గురించే. ఇంట్లో వచ్చి చేరిన సామాను గురించి, దాన్ని సర్దుకున్నప్పుడు మనసుకు కలిగే హాయి గురించి. ఇల్లు ఎట్లా సర్దాలో చెప్పడానికి నేను రాలేదు. ఆ విద్య మన ఇండ్లల్లో ఎప్పటినుంచో ఉంది. ఉగాది వస్తోందంటే బూజు దులుపుతారు, సున్నం కొడతారు. రంజాన్ ముందు ఒకరి ఇంట్లో, క్రిస్మస్ ముందు ఇంకొకరి ఇంట్లో అదే హడావిడి. బోకులన్నీ వీధిలోకి వస్తాయి. పరుపులు మిద్దె ఎక్కుతాయి. సాయంత్రానికి ఒళ్ళు హూనమవుతుంది, మనసు మాత్రం తేలికగా ఉంటుంది.

నా ప్రశ్న ఆ తేలికతనం గురించి. అది ఎక్కడి నుంచి వస్తుంది? ఇల్లు ఖాళీ అయినందుకా? ఖాళీ అయినందుకే అయితే, ఇల్లు మొత్తం ఖాళీ చేసినవాళ్ళు అందరికంటే హాయిగా ఉండాలి కదా?

అట్లా ఖాళీ చేసినవాళ్ళు మన పక్కనే ఉన్నారు. కడప జిల్లా కొండాపురం మండలంలో ఉన్నారు.

ఆ చుట్టుపక్కల వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. దూరం నుంచి వింటున్నవాళ్ళకు చెబుతాను. పెన్నేటి మీద గండికోట దగ్గర ఒక జలాశయం కట్టారు. గాలేరు-నగరి పథకంలో అది భాగం. శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు దాటి, అవుకు దాటి, అక్కడికి వచ్చి నిలుస్తాయి. నిండుగా నిలిస్తే దాదాపు 27 టీఎంసీలు. కరువు సీమలో అన్ని నీళ్ళు కంటికి కనబడడం చిన్న సంగతి కాదు. ఆ నీళ్ళు ఎన్ని చేన్లు తడుపుతాయో, ఎన్ని ఊర్ల దాహం తీరుస్తాయో, ఆ లెక్క వేరే. కానీ నీళ్ళు నిలవాలంటే చోటు కావాలి. ఆ చోట ఊర్లున్నాయి.

2020 వానాకాలం గుర్తుందా? నీళ్ళు తాళ్ళప్రొద్దుటూరు ఊరి అంచుకు వచ్చేశాయి. జనం రోడ్డు మీద కూర్చున్నారు. ఇంకొంచెం గడువు ఇమ్మన్నారు. చివరికి ఇండ్లు ఖాళీ చేయక తప్పలేదు.

ముంపు ఊర్లో ఇల్లు ఖాళీ చేయడమంటే ఏమిటో ఆలోచించండి. బీరువా, మంచం, బియ్యం బస్తాలు ట్రాక్టర్ ఎక్కుతాయి. తర్వాత తలుపులు, కిటికీలు ఊడదీస్తారు. దూలాలు, దంతెలు దించుతారు. వీలైతే కింద పరిచిన నాపబండలు కూడా పెకలిస్తారు. ఇంతవరకూ సరే. మరి భూమిలో పాతిన రోలు? ఎద్దులకొట్టం? కల్లం? పెరట్లో వేపచెట్టు? తాత పేరు చెక్కిన గడప రాయి? ట్రాక్టర్ పెద్దదే, ఊరు అంతకంటే పెద్దది. కొత్త కాలనీలో చోటు చిన్నది. ఏది ఎక్కించాలి, ఏది నీళ్ళకు వదిలెయ్యాలి? ఆ నిర్ణయం చేయాల్సింది ఇంటివాళ్ళే. కానీ నిర్ణయానికి వ్యవధి వాళ్ళ చేతిలో లేదు. నీళ్ళ చేతిలో ఉంది.

ఇల్లు ఖాళీ అయింది. మనసు తేలికపడిందా? ఆ మాట అడగడానికే నోరు రాదు.

అందుకే నేను చెప్పదలుచుకున్న సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత మళ్ళీ మళ్ళీ చెబుతాను. హాయి అనేది పారేయడంలో లేదు, తేల్చుకోవడంలో ఉంది. ఇది ఉండాలి, ఇది పోవాలి అని మనకు మనమే, మన తీరికలో, మన చేత్తో తేల్చుకుంటే మనసు కుదుటపడుతుంది. అదే పని ఇంకొకరు మెడ మీద కూర్చుని చేయిస్తే ఏడుపు మిగులుతుంది. చేసే పని రెండు చోట్లా ఒక్కటే. తేల్చే చెయ్యి ఎవరిదన్నదే తేడా.

సరే, ఇప్పుడు మన ఇండ్లల్లోకి వద్దాం. సామాను ఎందుకు చేరుతుంది? చాలామంది ఇంట్లో ఆడవాళ్ళను తిడతారు. పాత డబ్బా కూడా పారేయనీదు మా అమ్మ, అంటారు. హార్లిక్స్ సీసా, నూనె డబ్బా, ప్లాస్టిక్ సంచి, అన్నీ దాస్తుంది, అంటారు. నేను ఆ అమ్మ పక్షమే. ఆమె ఎక్కడ పుట్టిందో చూడండి. వాన పడితే పంట, లేకపోతే లేదు. పండిన ఏడు జొన్నలు పాతరలో పోసి, ఎండిన ఏడు తవ్వుకుని తిన్న సీమ ఇది. దాచడం ఇక్కడ బతుకుతెరువు. దాచనివాడు చెడిపోయాడు, దాచినవాడు బతికాడు. ఆ బుద్ధి ఒక్క తరంలో పోతుందా?

అయితే ఒక తేడా వచ్చింది. దాన్ని మనం సరిగా గమనించలేదు.

వెనకటి రోజుల్లో ప్రతి వస్తువుకూ తర్వాతి మెట్టు ఉండేది. నూలు చీర ఉంది. కొత్తదైతే పండక్కి. కొంచెం వెలిస్తే ఇంట్లోకి. చిరిగితే నాలుగు చీరలు కలిపి బొంత. బొంత చిరిగితే బిడ్డల పక్కగుడ్డలు. అవీ చిరిగితే మసిగుడ్డ. చివరి పేలిక దీపం ఒత్తిగా కాలిపోయేది. ఒక చీర ఒక ఇంట్లో ఎన్ని అవతారాలెత్తేదో! ఎక్కడా ఆగేది కాదు. అందుకే ఎంత దాచినా ఇల్లు నిండేది కాదు.

ఇప్పుడు పాలిస్టర్ చీర తీసుకోండి. చిరగదు. రంగు పోదు. బొంత కుడితే చెమట పీల్చదు. మసిగుడ్డగా వాడితే నీళ్ళను ఇటు నుంచి అటు తోస్తుందే గాని తుడవదు. దీపం ఒత్తికి పనికిరాదు, కరిగి కారుతుంది. మరి ఎక్కడికి పోవాలి అది? బీరువాలోనే ఉండాలి. బీరువా నిండితే పైన సూట్‌కేసులోకి. సూట్‌కేసు నిండితే సజ్జ మీదికి. వాకిట్లోకి పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వస్తే కొన్ని పోతాయి. వాటి బదులు ఇంకో గిన్నె ఇంట్లోకి వస్తుంది! అప్పటికే వంటింట్లో పెండ్లిండ్లకూ గృహప్రవేశాలకూ వచ్చిన గిన్నెలు పేర్లు చెక్కించుకుని దొంతులు దొంతులుగా ఉంటాయి.

అమ్మ బుద్ధి మారలేదు. దాచడం అదే దాచడం. వస్తువు నడిచిపోయే దారి మాత్రం మూసుకుపోయింది. భోగి మంటలో వేద్దామా అంటే, కట్టెలు, పిడకలు వేసుకోండి గాని ప్లాస్టిక్‌లు, టైర్లు వేయకండి. ఆ పొగ చుట్టుపక్కల బిడ్డల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. మన పాత మిద్దెలు గుర్తు తెచ్చుకోండి. మందపాటి గోడలు, పైన దంతెలు, ఆ పైన చౌడుమన్ను, వెలుతురుకు ఒక గవాక్షి. గోడల్లో గూళ్ళు. దీపానికి ఒక గూడు, ఉప్పుకు ఒకటి, అగ్గిపెట్టెకు ఒకటి. రాత్రి కరెంటు పోయినా అవ్వ లేచి పోయి అగ్గిపెట్టె అందుకునేది. కన్నుతో పని లేదు, చేతికి తెలుసు. ఇప్పటి స్లాబు ఇండ్లల్లో అరలు ఎక్కువ. ఎక్కడైనా పెట్టొచ్చు. అందుకే ఎక్కడ పెట్టామో తెలీదు.

ఇప్పుడు మనసు సంగతి. గుట్ట గుట్టగా ఉన్న సామాను మనసును ఏం చేస్తుంది?

అమెరికాలో డార్బీ శాక్స్‌బీ, రెనా రెపెట్టి అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పని చేశారు. 2010లో అది అచ్చయింది. లాస్ ఏంజెలెస్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇండ్లను ఎంచుకున్నారు. వాళ్ళ చేతికి వీడియో కెమెరా ఇచ్చి, మీ ఇల్లు మీరే తిప్పి చూపించండి అన్నారు. చూపిస్తూ వాళ్ళు మాట్లాడిన మాటలను రాసుకున్నారు. ఇక్కడంతా గజిబిజిగా ఉంది, ఈ పని ఇంకా పూర్తి కాలేదు, ఇది బాగు చేయించాలి, ఇట్లాంటి మాటలు ఎవరు ఎక్కువగా అన్నారో చూశారు. తర్వాత కొన్ని రోజులు వాళ్ళ ఉమ్మిలో కార్టిసాల్ అనే హార్మోన్‌ను కొలిచారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో ఎక్కువగా ఊరేది అదే. పొద్దున ఎక్కువగా ఉండి, పొద్దు గుంకేసరికి బాగా తగ్గిపోవాలి. అది ఆరోగ్యానికి గుర్తు.

ఏం తేలింది? ఇంటిని గురించి అట్లాంటి మాటలు ఎక్కువగా అన్న ఆడవాళ్ళలో, సాయంత్రానికి తగ్గాల్సినంత తగ్గలేదు. పొద్దు గడిచేకొద్దీ వాళ్ళకు దిగులు పెరిగింది. మగవాళ్ళలో అంతగా కనబడలేదు. ఇంటి గుట్ట వల్ల దిగులు వచ్చిందా, దిగులు వల్ల ఇల్లు గుట్టగా కనబడిందా అన్నది ఆ అధ్యయనం తేల్చదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయేమో.

నాకు ఇందులో రెండు సంగతులు ముఖ్యంగా కనబడ్డాయి. ఒకటి, ఆ ఆడవాళ్ళ నోటి నుంచి వచ్చిన మాటల్లో 'ఇంకా కాలేదు' అన్నది. ఆ గుట్టను మనం వస్తువులుగా చూస్తాం. మనసు వాటిని పనులుగా చూస్తుంది. కుట్టించాల్సిన జాకెట్. తిరిగి ఇవ్వాల్సిన టిఫిన్ డబ్బా. బాగు చేయించాల్సిన ఫ్యాను. తేల్చని ప్రతి వస్తువూ మన మీద ఉన్న ఒక బాకీ. మంచమ్మీద పడుకున్నా అటక మీది నుంచి వడ్డీ అడుగుతూనే ఉంటుంది. అది తేలిపోయిన రోజు నిద్ర పడుతుంది. మళ్ళీ చెబుతున్నాను, హాయి పారేయడంలో లేదు, తేల్చుకోవడంలో ఉంది.

రెండోది, మగవాళ్ళకు ఎందుకు అంటలేదు? లాస్ ఏంజెలెస్ అయినా జమ్మలమడుగు అయినా జవాబు ఒక్కటే అనుకుంటాను. ఇల్లు చెదిరి ఉంటే వచ్చినవాళ్ళు ఎవరిని అనుకుంటారు? ఆమెనే. చుట్టం గడప తొక్కగానే ఆమె చెయ్యి దానంతట అదే కుర్చీ మీది బట్టలు తీస్తుంది. అన్నా, ఆ కుర్చీ మీది బట్టలు సగం నీవే కదా? ఆ మూలన కాలిపోయిన బోరు మోటారు స్టార్టరు, కేబుల్ ముక్కలు, డ్రిప్ పైపుల కట్ట, ఇవి ఎవరివి? ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది, కాడిమాను ఇంకా గోడకు ఉంది. దాన్ని ఏం చేయాలో ఆమె తేల్చలేదు. తేల్చాల్సినవాళ్ళు తేల్చరు. దిగులు ఆమెకు, సామాను మీకు. ఇది న్యాయం కాదు.

కాడిమాను అన్నాను కాబట్టి, ఆ సంగతి కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం. ఎందుకంటే అన్నిటికంటే కష్టమైనవి అవే, మనిషి జ్ఞాపకం అంటుకున్న వస్తువులు.

ఇంట్లో పెద్దాయన పోయారు. ఆయన చొక్కాలు చిలక్కొయ్యకు ఉన్నాయి. చెప్పులు మంచం కింద ఉన్నాయి. దినాలు అయిపోయాక ఎవరో ఒకరు మంచి మనసుతోనే అంటారు, ఇవన్నీ చూస్తే అమ్మకు బాధ, తీసేద్దాం అని. అమ్మ గుడికి పోయిన పూట అన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేస్తారు. ఆమె వచ్చి చూస్తుంది. చిలక్కొయ్య ఖాళీ. పిల్లలు అనుకుంటారు, అమ్మ బాధ తగ్గించామని. నేనంటాను, ముంపు ఊర్లో నీళ్ళు చేసిన పనే వాళ్ళూ చేశారని. ఆమె తేల్చుకోవాల్సింది వాళ్ళు తేల్చేశారు.

అదే పని ఇంకో విధంగా చేయొచ్చు. మూణ్ణెల్లకో, ఏడాదికో, ఆమెకు ఓపిక వచ్చినప్పుడు, ఆమెను మంచమ్మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చేతికి ఇవ్వండి. ప్రతి చొక్కాకూ ఒక కథ వస్తుంది. ఇది ప్రొద్దుటూర్లో తీసింది, చిన్నబిడ్డ పెండ్లికి. ఇది కువైట్ నుంచి వచ్చినప్పుడు పెద్దోడు తెచ్చింది, ఒక్కసారీ తొడుక్కోలేదు, గట్టిది అని దాచినాడు. కథ చెప్పేశాక చాలా చొక్కాలను ఆమే ఇచ్చేస్తుంది. ఫలానా జీతగానికి ఇయ్యి, వాడు ఆయనతోనే పెరిగినాడు, అంటుంది. రెండు మాత్రం ఉంచుకుంటుంది. ఆ రెండూ ఉంచుకోనివ్వండి. ఏడ్చినా అది వేరే ఏడుపు. మనిషి కుదుటపడేది అక్కడే.

తొందరపెట్టి పారేయడం వల్ల పోయేవి ఇంకా ఉన్నాయి. కడపలో బ్రౌన్ దొర సంగతి మీకు తెలిసిందే. సి.పి.బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. ఇండ్లల్లో, అటకల మీద, చెదలు తింటున్న తాటాకు పుస్తకాలను సేకరించాడు. సొంత డబ్బు పెట్టి, అప్పులు కూడా చేసి, పండితులను పిలిపించి, ఒక ప్రతిని ఇంకో ప్రతితో పోల్చి చూసి, శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చు కావడం అట్లాగే జరిగింది. ఆయన బంగళా ఉన్న చోటే ఈనాడు కడపలో ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఇంటివాళ్ళకు అవి బూజుపట్టిన ఆకులు. సరైన కంటికి ఒక భాష ఆస్తి. బ్రౌన్ చేసిందంతా ఒక విధంగా సర్దుడే. ఒక్కటీ పారేయకుండా సర్దాడు.

అందుకే, ఇల్లు దులిపేటప్పుడు తాటాకులు, పాత చేతిరాత పుస్తకాలు, తాతల నాటి దస్తావేజులు, ఊరి పేర్లున్న పాత కాగితాలు దొరికితే తూకానికి వేయకండి. ముందు తెలిసినవాళ్ళకు చూపించండి. ఆ గ్రంథాలయం వాళ్ళకు చూపినా మంచిదే.

కొన్నేండ్ల కిందట జపాన్ నుంచి మేరీ కోండో అనే ఆమె పేరు చాలా వినిపించింది. ఆమె పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చాక ప్రపంచమంతా ఇండ్లు సర్దడం మొదలుపెట్టింది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, ఇది నాకు సంతోషం ఇస్తోందా అని అడుగు, ఇస్తే ఉంచు, ఇవ్వకపోతే కృతజ్ఞత చెప్పి పంపించు, అంటుంది ఆమె. చేతిలోకి తీసుకోవడం, కృతజ్ఞత చెప్పడం, ఈ రెండూ నాకు నచ్చాయి. మనం ఆయుధ పూజ నాడు మడకకు, కుట్టుమిషనుకు బొట్టు పెట్టేవాళ్ళమే కదా. కానీ పొరకను పట్టుకుని సంతోషం ఇస్తోందా అని అడిగితే మన అవ్వలు నవ్విపోతారు. పొరక కసువు ఊడ్చేందుకు, సంతోషానికి కాదు. ఆ కోండోనే ముగ్గురు బిడ్డల తల్లి అయ్యాక, 2023లో, మునుపటిలా ఇల్లు సర్దడం దాదాపు మానుకున్నానని, బిడ్డలతో గడపడమే ఇప్పుడు ముఖ్యమని చెప్పింది. ఆ మాట విన్నాక ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. చిన్నబిడ్డలున్న ఇల్లు చెదిరి ఉంటుంది. ఉండనీండి.

స్వీడన్‌లో మార్గరెటా మాగ్నుసన్ అనే పెద్దావిడ ఇంకో మాట చెప్పింది. 2017లో వచ్చింది ఆమె పుస్తకం. పోయేలోగా మన సామాను మనమే తేల్చిపోదాం, పిల్లల నెత్తిన పెట్టి పోవద్దు, అంటుంది. మన ఇండ్లల్లో ఆ మాట పైకి అంటే అశుభం అంటారు. కానీ మన అవ్వలు చేసేది అదే. కమ్మలు ఫలానా మనుమరాలికి, ఇత్తడి బిందె పెద్ద కోడలికి, అని బతికుండగానే చేతికిచ్చేస్తారు. ఇచ్చిన తర్వాత వాళ్ళ ముఖం చూశారా ఎప్పుడైనా? ఏదో పోగొట్టుకున్న ముఖం కాదు అది. ఎవరికి ఏది పోవాలో తమ నోటితో తేల్చిన ముఖం.

ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. కొందరు నిజంగా ఏదీ వదలలేరు. చిత్తుకాగితం కూడా. ఇంట్లో నడిచే దారి ఉండదు, పొయ్యి దగ్గరికి పోలేరు, పడుకునే చోటు ఉండదు. తీయబోతే వణికిపోతారు. అది బద్ధకం కాదు, పిసినారితనం కాదు. వైద్యులు దాన్ని ఒక మానసిక సమస్యగా గుర్తించారు. అట్లాంటివాళ్ళ ఇంటిని బలవంతంగా ఖాళీ చేయిస్తే ఇంకా కుంగిపోతారు. మానసిక వైద్యుని దగ్గరికి తీసుకుపోండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

మిగిలిన మనకందరికీ మందు మన చేతుల్లోనే ఉంది. ఇల్లంతా ఒక్క రోజులో ఎత్తుకోకండి. మధ్యాహ్నానికి అలసిపోయి, తీసినవన్నీ మళ్ళీ కుక్కేస్తారు. రేడియోలో ఒక పాట మొదలవుతుంది. ఆ పాట అయ్యేలోపు ఒక్క గూడు. అంతే. ఒక్క గూడులో ఉన్నవన్నీ కింద పెట్టి, ఉండేవి, ఎవరికైనా ఇచ్చేవి, పోవాల్సినవి అని మూడు కుప్పలు చేయండి. తేల్చలేనివి ఒకటో రెండో ఉంటాయి. వాటిని మళ్ళీ గూట్లోనే పెట్టండి, తప్పు లేదు. ఇంకో పాటకు చూసుకోవచ్చు.

ఇవ్వదలుచుకున్నవి మాత్రం ఆ పూటే గడప దాటించండి. మూటగట్టి వాకిట్లో పెడితే, ఆ మూట మీదే ఇంకో మూట చేరుతుంది. ఇచ్చేది ఉతికి, మడతపెట్టి ఇవ్వండి. చిరిగిన చీర ఇస్తూ దానం చేశామనుకోకండి. కువైట్ దుప్పట్లు చుట్టాలొస్తే పనికొస్తాయని ఎన్నేండ్ల నుంచి సూట్‌కేసులో ఉన్నాయి? ఆ చుట్టాలు ఇప్పుడు పొద్దున కారులో వచ్చి సాయంత్రానికి పోతున్నారు. చలికాలంలో బస్టాండులో పడుకునే మనుషులున్నారు.

పిల్లల సామాను పిల్లలతోనే తేల్చించండి. వాడి విరిగిన బొమ్మ మీకు చెత్త, వాడికి కాదు. అడగకుండా పారేస్తే ఒకటే నేర్చుకుంటాడు, దాచిపెట్టుకోవడం. అడిగి తేల్చనిస్తే, మనం అనుకున్నదానికంటే ఎక్కువే వదులుతాడు.

ఇక చివరిగా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్ళకు నా సలహా. చీరలతో వద్దు, జ్ఞాపకాలతో అసలే వద్దు. కాగితాలతో మొదలుపెట్టండి. పట్టాదారు పాసుబుక్కు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పంట రుణం కాగితాలు, బిడ్డల సర్టిఫికెట్లు, ఇంటి పన్ను రసీదులు. ఇవి ఒకటి పరుపు కింద, ఒకటి దేవుని పటం వెనక, ఒకటి బియ్యం డబ్బాలో ఉంటాయి. సచివాలయం నుంచి పిలుపు వచ్చిన పొద్దున వాటి కోసం జరిగే కొట్లాట నేను వేరే చెప్పాలా? భార్యాభర్తలిద్దరూ ఎదురెదురుగా కూర్చోండి. ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చుకోండి. ముంపు పరిహారం కోసం తిరిగిన ఏ ఇంటినైనా అడగండి, కాగితం చేతిలో ఉండడం అంటే ఏమిటో వాళ్ళు చెబుతారు. ఫైలు ఏ అరలో పెడుతున్నారో ఇంట్లో పెద్దవాళ్ళకు, ఎదిగిన పిల్లలకు అందరికీ చూపించండి. కట్టేసిన పాత కరెంటు బిల్లులు మాత్రం ఇక పోనివ్వండి.